సుబ్బలక్ష్మి అనే పేరుతో పొంచి ఉన్న ముప్పు

సుబ్బలక్ష్మి అనే పేరు ఎంత ప్రమాదకరమైనదో యాభై ఏళ్ళు దాటాక గానీ నాకు తెలియలేదు. ఆ పేరు గల మనిషి చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ణి కావడంతో కళ్ళు మూసుకుపోయి ఉంటాయి. మొన్న అంబాజీపేట దగ్గర మా దొడ్డమ్మ మనవరాలి బారసాలకి వెళ్ళాను, తెరుచుకున్నాయి.

మా దొడ్డమ్మ పేరు సుబ్బలక్ష్మి. పిల్ల పుట్టింది శతభిషం నాలుగో పాదంలో. పంచాంగం తీస్తే శతభిషానికి గో, సా, సీ, సూ. నాలుగో పాదానికి సూ. "అత్తిలి సుబ్బారాయుడే చెప్పించాడ్రా" అని దొడ్డమ్మ పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నక్షత్రమే ఆవిడ పక్షాన ఉంటే ఇంకా చర్చించడానికి ఏముంటుందిలే అనుకున్నాం. పల్లెటూరి బుర్రలు.

మా మరదలు చాలా మర్యాదగా చెప్పింది. "అత్తయ్యగారి పేరంటే మాకు రెస్పెక్టేనండి బావగారూ. కానీ మరీ సుబ్బలక్ష్మి అంటే రేపు స్కూల్లో పాపకి ఇబ్బంది అవుతుంది కదండీ."

ఆలోచిస్తే నిజమే. ఆ పేరు ఒక్కసారి చెబితే అందరికీ అర్థమైపోతుంది. రాస్తే తప్పు పోదు. అటెండెన్స్ పిలిచే టీచరు ఆగి, కళ్ళజోడు సవరించుకుని, "ఇదేం పేరమ్మా?" అని అడిగే అవకాశమే లేదు. అలా ఎవరూ అడక్కుండా పదో తరగతి పాసైపోయిన పిల్ల జీవితంలో ఏం బాగుపడుతుంది?

అంచేత సుహ్వీ అని ఖాయం చేశారు.

హ కింద వ వత్తు, దానికి గుడి దీర్ఘం. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర రెండు ఐలు, ఆ పైన ఒక హెచ్. ఆ హెచ్ పలకదు, కానీ సంపద తెస్తుందట. దానికి సంఖ్యాశాస్త్రం ఆయన విడిగా ఐదు వేలు పుచ్చుకున్నాడు. పేరుకి అర్థం 'తొలి మంచుబొట్టు మీద పడిన వెలుగు'. రెండక్షరాల్లో మంచు, బొట్టు, వెలుగు, పైగా ఆ బొట్టు తొలిదన్న సమాచారం కూడా ఇరికించారు. పురోహితుడు గారు ఆశగా, "ఏ ధాతువు నుంచి వచ్చిందమ్మా?" అని అడిగారు. "యాప్‌లో ఉందండి" అంది మరదలు. ఆయన వెంటనే మంత్రం అందుకున్నారు. నలభై ఏళ్ళ అనుభవం.

ఇక పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాసే ఘట్టం. ఉంగరం పట్టుకుని తమ్ముడు కూర్చున్నాడు. స రాసి కొమ్మిచ్చాడు, బాగానే ఉంది. హ దగ్గర ఆగాడు. వీడు ఇంటర్లో మార్కుల కోసం తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాడు, ఆ సంస్కృతం ఒక్క ముక్క రాకుండానే తొంభై తొమ్మిది తెచ్చుకున్నాడు. వ వత్తు ఎటు తిరుగుతుందో వాడికెలా తెలుస్తుంది? ఫోన్ తీశాడు. చూసి రాశాడు. 'సుహీవ్' అయింది. చెరిపాడు. రెండోసారి వత్తు కుదిరింది గానీ పైన ఫ్యాను తిరుగుతోంది. ఫోటోగ్రాఫరు, "సార్, ఫోకస్ రాలేదు, ఇంకోసారి, కొంచెం నవ్వుతూ" అన్నాడు. వియ్యంకుడు గారు తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి, ఉండబట్టలేక ఉంగరం అందుకున్నారు. అచ్చు గుండ్రంగా రాశారు. రాసి వేలు తీసేలోగా వత్తు మీదికి బియ్యం జారిపోయింది. చివరికి పళ్ళెంలో స్పష్టంగా మిగిలింది 'సు' ఒక్కటే, పక్కన గొయ్యి. "సంకల్పం ముఖ్యం నాయనా" అన్నారు పురోహితుడు గారు, ఆకలి మీద.

తరవాత ఇంటి పెద్ద ముత్తయిదువ పిల్ల చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పాలి. దొడ్డమ్మవి కట్టుడు పళ్ళు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు, పిల్ల ఉలిక్కిపడింది. రెండోసారి 'సువ్వీ' అంది. "హ్వీ, అత్తయ్యగారూ. గొంతులోంచి రావాలి. హ్వీ" అని మరదలు నేర్పించడం మొదలుపెట్టింది. పక్కనున్న పిన్ని సాయం వచ్చింది, "ఇలాగొదినా, హ్వీ." ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. రెండు నిమిషాల్లో హాల్లో ఉన్న ముప్పై మందీ పెదాలు సున్నాలా చుట్టి హ్వీ, హ్వీ అని ఊదుతున్నారు. పెరట్లో బూరెలు వండుతున్న వంటాయన గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏవండోయ్, లోపల కూడా పొయ్యి పెట్టారా? అంటుకోపోతే కిరసనాయిలు పంపమంటారా?" అని అడిగాడు.

మూడోసారి దొడ్డమ్మ పిల్ల చెవి దగ్గరికి వంగి, ఎవరి వైపూ చూడకుండా, తన నోటికి వచ్చినట్టు చెప్పింది.

"సుబ్బీ."

పిల్ల ఏడుపు ఆపేసింది. వీడియోలో ఆ ముక్క తీసేయిస్తామన్నారు.

ఈ సుబ్బలు ఇన్నాళ్ళూ దేశాన్ని ఎంత ఇబ్బంది పెట్టారో ఎవరూ లెక్క వెయ్యలేదు. సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చిందని సామెతే ఉంది. సీరియల్లో పనిమనిషి అవసరమైతే సుబ్బలక్ష్మి, జోకులో పల్లెటూరి మొద్దు కావాలంటే సుబ్బారావు. ద్రాక్షారామంలో 1880లో దువ్వూరి సుబ్బమ్మ గారని ఒకావిడ పుట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకెళ్ళారు. తెల్లదొర ఆ పేరు విని నవ్వుకున్నట్టు ఎక్కడా లేదు. భయపడే ఉంటాడు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి 1998లో భారతరత్న ఇచ్చారు కదమ్మా అని నేనూ ఒక రాయి వేసి చూశాను. "ఆవిడ లెజెండ్ కదండీ" అంది మరదలు. అంటే ముందు లెజెండ్ అయిపోయి, ఆ తరవాత సుబ్బలక్ష్మి అని పెట్టుకోవచ్చన్నమాట.

పెద్దవాళ్ళ పేర్లంటే గౌరవం లేదని మాత్రం అనకండి. కాకినాడ వెళ్ళి సుబ్బయ్య హోటల్లో బుట్ట భోజనం కోసం ఎంతసేపైనా నిలబడతారు. అన్నం పెట్టేవాడు సుబ్బయ్య అయితే నమ్మకం, తినే పిల్ల సుబ్బలక్ష్మి అయితే నామోషీ. లంకల గన్నవరంలో అర్ధరాత్రి వచ్చినవాడికైనా వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఉంది, గన్నవరం అక్విడక్టుకి ఉంది. హాజరు పట్టీలో సీతమ్మ ఎక్కడుందో వెతకండి. దొరికితే నాకు కబురు చెయ్యండి.

పేరు వాళ్ళ పిల్లది, పెట్టుకునే హక్కు వాళ్ళది. మధ్యలో నీకెందుకయ్యా అంటారా? చెబుతాను.

దొడ్డమ్మకి వాళ్ళ నాన్నగారు పసుపు కుంకుమ కింద రెండెకరాల కొబ్బరితోట రాసిచ్చారు. అందులో ఒక ఎకరం తమ్ముడి ఇంజనీరింగు సీటుకి పోయింది. ఆ దస్తావేజులో అమ్మినవారు అన్నచోట సుబ్బలక్ష్మి అనే ఉంది. ఆ రోజు ఆ పేరు ఎవరికీ ఓల్డ్‌గా అనిపించలేదు. వాడు విదేశం వెళ్తానన్నప్పుడు బ్యాంకు వాళ్ళకి చూపించిన పాస్‌బుక్కు మీదా అదే పేరు. మిగిలిన ఎకరం ఎప్పుడు రాయించుకుందామా అని ఎదురుచూస్తున్నారు కదా, ఆ కాగితం మీద కూడా సుబ్బలక్ష్మి అనే సంతకం పడాలి, రెండు ఐలు హెచ్ పెడితే చెల్లదు. మీ బతుకంతా ఆ సంతకం మీద నిలబెట్టుకుని, మీ పిల్ల పక్కన ఆ పేరు కనిపిస్తే పరువు పోతుందా? ఆ హెచ్‌కి ఇచ్చిన ఐదు వేలు కూడా ఆ కొబ్బరికాయలవే. సిగ్గుండాలి.

బారసాల నాటి సాయంత్రం అందరూ వెళ్ళాక దొడ్డమ్మ పెరటి అరుగు మీద కూర్చుని పళ్ళెంలో మిగిలిన బియ్యం ఏరుతోంది. పసుపు అంటిన గింజలు ఒక పక్కకి, మంచివి ఒక పక్కకి. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపటికి తలెత్తకుండానే అడిగింది.

"ఒరేయ్, నా పేరు అంత బాగోదంట్రా?"

డెబ్బై నాలుగేళ్ళు వచ్చేదాకా ఆవిడకా సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఏరడానికి నాలుగు గింజలు నా వైపు లాక్కున్నాను.

ఇది జరిగిన పదిహేను రోజులకి పిల్లకి టీకా వేయించడానికి దొడ్డమ్మే తీసుకెళ్ళింది. తమ్ముడికి ఆఫీసు కాల్ ఉంది, మరదలికి తలనొప్పి. అక్కడ కార్డు రాసే అమ్మాయి పాప పేరేంటి మామ్మగారూ అని అడిగింది. దొడ్డమ్మ తనకి వచ్చినట్టు చెప్పింది. ఆ అమ్మాయి విన్నది విన్నట్టు నీలం పెన్నుతో శుభ్రంగా రాసి, కింద ముద్ర గుద్ది ఇచ్చింది.

ఆ కార్డు మార్పించడానికి తమ్ముడు రెండుసార్లు తిరిగాడు. నోటరీ అఫిడవిట్ పట్టుకు రమ్మన్నారట. అందులో కారణం రాయాలి. ఏం రాయాలో కాస్త చెప్పవా అన్నయ్యా అని నిన్న రాత్రి నాకు ఫోన్ చేశాడు.