బార్సిలోనాలో అక్రమ కట్టడాల తనిఖీ

బార్సిలోనా వెళ్లొచ్చినవాళ్లంతా ఆహా ఓహో అనడమే గానీ, ఆ కట్టడాలకి పర్మిషన్ ఉందా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. వెంచర్ల బ్రోచర్లు చూస్తూ పెరిగిన హైదరాబాదీని కాబట్టి ఆ భారం నేనే నెత్తినేసుకున్నాను.

ముందు సగ్రాద ఫమిలియా అనే చర్చి. 1882లో పునాది వేశారు, మరుసటేడు పని ఆంటోనీ గౌడీ అనే ఆర్కిటెక్టు చేతికొచ్చింది. 1885లో ఆయన సంతకంతో అనుమతి కోసం అర్జీ పెట్టారు. జవాబు లేదు. జవాబు రాకపోతే పని ఆపుతామా? అర్జీ తీసుకున్న సాన్ మార్తి ఊరే బార్సిలోనాలో కలిసిపోయింది, గౌడీని 1926లో ట్రామ్ గుద్దింది (మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు పాపం), గుడి మాత్రం లేస్తూనే ఉంది. పర్మిషన్ వచ్చింది 2019లో, అదీ 46 లక్షల యూరోలు కట్టాక. పునాది వేసిన 137 ఏళ్లకి! మన దగ్గర రెగ్యులరైజేషన్ గడువు ఇంకో మూడు నెలలు పెంచితేనే టీవీల్లో చర్చలు పెడతాం. లోపల సాయంత్రపు ఎండ రంగుటద్దాల్లోంచి స్తంభాల మీద ఎర్రగా పడుతుంటే తనిఖీ అధికారి కాసేపు నోరెళ్లబెట్టిన మాట నిజమే గానీ, అది రిపోర్టులో రాయడం లేదు.

గౌడీ కట్టిన అపార్ట్‌మెంట్ కాసా మిలా ఇంకా ఘోరం. ముందు గోడ ఒక్కచోటా తిన్నగా లేదు, స్తంభమేమో ఏనుగు పాదంలా ఫుట్‌పాత్ మీదికొచ్చింది. ఊరివాళ్లు లా పెద్రేరా, అంటే రాళ్ల క్వారీ అని వెక్కిరించారు. నిబంధనలు దాటిందని అధికారులు పట్టుకున్నారు, మళ్లీ వాళ్లే 1909లో ఇది స్మారకం లాంటి కట్టడం, రూల్సన్నీ పాటించనక్కర్లేదని తేల్చేశారు. మన బిల్డర్లు తిరుపతి కొండెక్కి మొక్కుకునేది సరిగ్గా ఇలాంటి కాగితం కోసమే.

నాకు ఆత్మబంధువులా అనిపించింది మాత్రం గౌడీదే ఇంకొకటి, పార్క్ గ్వెల్. ఎందుకంటే అది పార్కు కాదండీ, వెంచర్! కొండ మీద దాదాపు 60 ప్లాట్లు, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కి బొమ్మరిల్లు లాంటి ఇల్లు, సంత కోసమని 86 స్తంభాల హాలు. ఎమినిటీస్ అన్నీ ఉన్నాయి, కొనేవాళ్లే లేరు. ఊరికి దూరం, పైకి సరైన బస్సు లేదు, షరతులు బోలెడు. మోడల్ హౌస్‌ని ఎవరూ కొనకపోతే చివరికి 1906లో గౌడీయే కొనుక్కుని కాపురం పెట్టాడు. ప్లాటు కొన్న మహానుభావుడు ఇంకొకాయన ఉన్నాడు, లాయరు. ఆ ఫెయిలైన వెంచర్‌లోకి ఇప్పుడు టికెట్టు కొని, టైమ్ స్లాట్ ప్రకారం వెళ్లి, పగిలిన పింగాణీ ముక్కలు అతికించిన బెంచీ మీద కూర్చుని నేనూ ఫొటో దిగాను.

మా అపార్ట్‌మెంట్ ర్యాంపు రోడ్డు మీదికి రెండడుగులు వచ్చిందని నోటీసొచ్చి ఆరు నెలలైంది. ఆ ఫొటో చూసి సెక్రటరీగారు చాలాసేపు ఆలోచించి, "టెర్రస్ మీద పగిలిన టైల్స్ రెండు బస్తాలున్నాయి, ర్యాంపుకి అతికించేద్దామా సార్?" అన్నారు.