మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడన్నదట. ఈ సామెత పుట్టిన దగ్గర్నుంచి తీర్పు ఒకవైపే వస్తోంది. తప్పంతా ఆడే మనిషిది, మద్దెల నిర్దోషి. పోనీ, ఆ మద్దెలను ఎవరైనా తట్టి చూశారా? మూతలు ఎన్నాళ్ళ కిందట మార్పించారో కనుక్కున్నారా? ఎడమవైపు పెట్టిన రవ్వ ముద్ద ఎండి రాలిపోయిందేమో గమనించారా? పాడినావిడది హెచ్చు శ్రుతి, వాయించింది తగ్గు శ్రుతి మద్దెల అయితే ఆ ఆట ఎలా కుదురుతుంది? విచారణ లేకుండా శిక్ష వేసి, దానికి సామెత అని పేరు పెట్టి, తరతరాలుగా మామీద ప్రయోగిస్తున్నారు.

మేమంటే అభిరుచి కళాకారులం. పగలు ఉద్యోగం, సాయంత్రం సంగీతం, మధ్యలో దొరికిన సమయంలో ఆన్‌లైన్‌లో వాద్యాల ధరలు చూసుకోవడం. కచేరీలు చేసేవాళ్ళు మా కోవలోకి రారు. వాళ్ళకి పాపం ఒకటో రెండో ఉంటాయి, జీవితమంతా వాటినే అరగదీస్తారు. మా ఇళ్ళల్లో వాద్యాలు అలా అరగవు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా వ్యాసం సులువుగా అర్థమవుతుంది.

"ఉన్నవి వాయిస్తున్నావా, ఇంకోటెందుకు?" అని ఇంట్లో అడుగుతారు. అడిగే హక్కు వాళ్ళకుంది, కాదనం. కానీ ప్రశ్నలోనే అవగాహన లోపం ఉంది. ముందుగా వేణువు సంగతి చూద్దాం, మా వాదనల్లో అన్నిటికన్నా గట్టిది అదే.

వీణకి బిరడాలున్నాయి, తిప్పితే తీగ బిగుస్తుంది. గిటారుకి కేపో ఉంది, మెడమీద బిగిస్తే శ్రుతి మారుతుంది. వెదురు గొట్టానికి ఏముంది? రంధ్రాలు వేసిన రోజునే దాని శ్రుతి ఖాయమైపోయింది. రెండున్నర శ్రుతి వేణువు చచ్చేదాకా రెండున్నరే వాయిస్తుంది. పాడేవాళ్ళు మాత్రం ఒకరు ఒకటో శ్రుతి అంటారు, ఇంకొకరు ఐదున్నర అంటారు. కాబట్టి శ్రుతికొకటి కావాలి. ఒకటి నుంచి ఏడు దాకా అరలతో కలిపి మొత్తం పన్నెండు. మూడున్నర మాత్రం ఉండదు, ఎందుకంటే ఈ అంకెలు హార్మోనియం మెట్లవి, తెల్లవి నిండు అంకెలు, నల్లవి అరలు. అందులో మూడో తెల్ల మెట్టుకీ నాలుగో తెల్ల మెట్టుకీ మధ్య నల్ల మెట్టు లేదు. ఉంటే అదీ కొనేవాళ్ళం.

ఇక్కడిదాకా వింటే ఎవరైనా ఒప్పుకుంటారు. అసలు వాదన పన్నెండో వేణువు కొన్నాక మొదలవుతుంది. వెదురు ఎండకి పగులుతుంది, అందుకని ప్రతిదానికీ ఒక జోడీ ఉండాలి. పైగా గాలి వేడెక్కితే వేణువు శ్రుతి పైకి జరుగుతుంది. మే నెలలో విజయవాడలో వాయించేదీ డిసెంబరులో అరకులో వాయించేదీ ఒకటే వేణువైతే ఎలా? ఎనిమిది రంధ్రాల కర్ణాటక వేణువు మనకుంది సరే, ఉత్తరాది వాళ్ళ ఆరు రంధ్రాల బాన్సురీని చిన్నచూపు చూడటం జాతీయ సమైక్యతకి మంచిది కాదు. ఇవన్నీ ఊదే మనిషికి మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలే వచ్చు. అయితేనేం, వాటిని పన్నెండు శ్రుతుల్లో వాయించగలడు. వేణువుతో ఇంకో సుఖం ఏమిటంటే, సంచిలో పదకొండున్నాయో పదహారున్నాయో ఇంట్లోవాళ్ళు లెక్కపెట్టరు. గృహశాంతి దృష్టితో చూస్తే దీన్ని మించిన వాద్యం లేదు.

వీణ వాళ్ళకి ఆ సౌకర్యం లేదు. నాలుగడుగుల పైచిలుకు వస్తువుని ఏ బీరువా వెనక దాస్తారు? అందుకే వాళ్ళు సంస్కృతిని అడ్డం పెట్టుకుంటారు. మా అపార్ట్‌మెంట్‌లో బ్యాంకులో పనిచేసి రిటైరైన మేడమ్ ఒకావిడ ఉన్నారు. ఈ జబ్బు మగవాళ్ళకే ఉంటుందనుకునేవాళ్ళు ఆవిడ హాలు ఒకసారి చూడాలి. మొదటిది తంజావూరు వీణ. రెండోది బొబ్బిలి వీణ. పనస దుంగ ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా తొలిచి చేసే ఏకాండి వీణ అది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఆ పని తరతరాలుగా చేస్తున్నారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలుగువాళ్ళం అయ్యుండి తంజావూరుది వాయిస్తూ కూర్చుంటే మన చేతివృత్తులు ఏమైపోవాలి? పైగా చేత్తో చేసిన దేశవాళీ వాద్యానికి జీఎస్టీ లేదు. కొనకపోతే ఆ పన్ను మినహాయింపు వృథా అయిపోదూ!

మూడోది వచ్చినప్పుడు వాళ్ళాయన కాస్త నోరు చేశారు.

"ఇంకో వీణా?"

"ఇంకోటి ఎక్కడండీ? మొదటిదాని మెట్లు కదిలిపోయాయిగా. అది ఉన్నట్టా, లేనట్టా?"

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వీణకుండే ఇరవై నాలుగు మెట్లూ మైనం మీదే నిలబడతాయి. ఎండలకి ఆ మైనం మెత్తబడితే మెట్టు ఒరుగుతుంది, స్వరం పక్కకి పోతుంది. మళ్ళీ కట్టించాలంటే ఆ పని తెలిసిన మనిషి దొరకాలి, ఆయనకి తీరిక దొరకాలి, వీణని బస్సులో తీసుకెళ్ళాలి. ఇంత తతంగం కన్నా కొత్త వీణ ఇంటికి తెప్పించుకోవడమే తేలిక. ఆయనకి సమాధానం తోచలేదు. ఇప్పుడు టీవీకి ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి ఉన్నాయి. కుడివైపు వెలితిగా ఉందని ఆవిడే ఈమధ్య అన్నారు.

చోటు లేనివాళ్ళ కోసం బొబ్బిలి వాళ్ళే చిన్న చిన్న బహుమతి వీణలు చేసి అమ్ముతారు. అద్దాల పెట్టెలో షోకేసు మీద కూర్చుంటుంది, మోగదు. ఆమాటకొస్తే పక్కన ఉన్న పెద్దవీ మోగడం లేదు.

గిటారు వాళ్ళ శాస్త్రం ఇంకా లోతైనది. వాళ్ళ దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు: టోన్. మాదాపూర్‌లో పనిచేసే మా కుర్రాడొకడికి అకూస్టిక్ ఉంది, ఎలక్ట్రిక్ ఉంది, నైలాన్ తీగలది ఉంది, పన్నెండు తీగలది ఉంది. "అన్నా, టోన్ వేరన్నా" అంటాడు. నాలుగింటి మీదా అవే నాలుగు కార్డ్స్, అంటే స్వరాల గుత్తులు, వాయిస్తాడు. ఎఫ్ కార్డ్ దగ్గర నాలుగూ ఒకేలా ఆగిపోతాయి. అది చేతివేలి సమస్య అని పాతకాలపు గురువులంటారు. వీడి పరిశోధన ప్రకారం అది మెడ మందం సమస్య. సన్నటి మెడ ఉన్నది ఇంకొకటి వాడి కార్ట్‌లో ఉంది.

వీడే నాకు రోజ్‌వుడ్ రాజకీయాలు నేర్పాడు. అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2017 జనవరిలో దానికింద రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా ఆంక్షలు వచ్చాయి. చాలా గిటార్ల వెనకభాగమూ పక్కలూ ఆ కర్రతో చేస్తారు. "ఇప్పుడు కొనకపోతే ఇంక దొరకదన్నా" అని ఒకటి కొన్నాడు. పూర్తిగా తయారైన వాద్యాలకి 2019 నవంబరులో ఆ ఆంక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. "మళ్ళీ ఎప్పుడు పెడతారో తెలీదన్నా" అని ఇంకొకటి కొన్నాడు. ప్రపంచ దేశాలన్నీ ఏ నిర్ణయం తీసుకున్నా పార్సిల్ మాత్రం వీడి ఆఫీసుకే వస్తుంది. ఇంటికి రాదు, అది వేరే సంగతి.

సామాజిక న్యాయం కోణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. స్వరాన్ని ఊపే గమకం పలకదు, విదేశీది, మన స్వరస్థానాలకి సరిపడదు అన్నారు. 1971 దాకా స్టూడియోలోకి రానివ్వలేదు. పద్యనాటకాల్లో రాత్రంతా రాగాన్ని లాగి పట్టుకున్న పెట్టెకి ముప్ఫై ఏళ్ళకి పైగా గుమ్మం బయటే కాపలా. అంత అవమానం పడ్డ వాద్యాన్ని ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు అక్కున చేర్చుకుంటే, "మీకు పద్యం రాదు కదా నాన్నా" అని కూతురు అడగొచ్చా? మాస్టారు కొన్నది వాయించడానికి కాదు, పరిహారంగా. ఆ అన్యాయం చిన్నది కాదు కాబట్టి రెండు కొన్నారు.

ఇక మేం అందరం ఏకగ్రీవంగా చూపించే సాక్ష్యం పాలకొల్లుది. మాండొలిన్ శ్రీనివాస్ అక్కడ 1969లో పుట్టారు. వాళ్ళ నాన్నగారు క్లారినెట్ విద్వాంసులు. ఆ ఇంట్లో నాన్నగారి మాండొలిన్ ఒకటి ఉంటే పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, తర్వాతి కథ లోకానికి తెలుసు. ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించండి. క్లారినెట్ వాయించే ఆయన ఇంట్లో మాండొలిన్‌కి ఏం పని? అది అక్షరాలా "ఇంకో వాద్యం". ఆరోజు ఎవరైనా "ఉన్న క్లారినెట్ చాలదూ?" అని అడ్డుపడి ఉంటే కర్ణాటక సంగీతం ఎంత నష్టపోయేది! ఈ వాదన వినగానే ఇంట్లోవాళ్ళు కాసేపు మెత్తబడతారు. ఆ పిల్లవాడు తర్వాత ఆ ఒక్క వాద్యాన్నే పట్టుకుని కూర్చున్నాడన్న సంగతి మేం ప్రస్తావించం. అడిగితే చెబుతాం.

"పిల్లల కోసం" అనే శాఖ ఈ సాక్ష్యం నుంచే పుట్టింది. ఐదేళ్ళ పాపకని కీబోర్డు వస్తుంది. పాపకి అందనంత ఎత్తులో స్టాండ్ బిగిస్తారు. పాప ముట్టుకుంటే "అమ్మలూ, నాన్న సెట్టింగ్స్ మారిపోతాయమ్మా" అంటారు. పాపకి విడిగా చిన్న గిటారులాంటి ఉకులేలే కొంటారు. నాలుగు తీగలే, తేలిగ్గా వస్తుందని. కొన్నాళ్ళకి అది కూడా నాన్నగారి గదిలోకి చేరుతుంది.

డబ్బు వృథా అన్న ఆరోపణకి కూడా మా దగ్గర జవాబుంది. ఆంటోనియో స్ట్రాడివరి 1721లో చేసిన "లేడీ బ్లంట్" వయొలిన్‌ని 2011లో వేలం వేస్తే 15.9 మిలియన్ డాలర్లు పలికింది. జపాన్ సునామీ బాధితుల సహాయానికి ఆ డబ్బు ఇచ్చారు. అంత ధర ఎందుకు? ఎక్కువకాలం సేకరించుకునేవాళ్ళ దగ్గరే ఉండి, పెద్దగా ఎవరూ వాయించకపోవడంతో దాదాపు చేసినప్పటిలాగే మిగిలింది. ఆయనే 1716లో చేసిన "మెస్సయా" ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. నిన్నగాక మొన్న చేసినట్టుంటుంది, అదీ వాయించకపోవడం వల్లే.

చూశారా! వాయించకుండా ఉంచడం ఎంత గొప్ప పెట్టుబడో పాశ్చాత్యులు ఎప్పుడో గ్రహించారు. ఈ దేశంలో ఆ ప్రమాణాలు పాటిస్తున్నది మేమొక్కళ్ళమే. మా వయొలిన్లు తీసి చూడండి, విల్లుకి రాసే రోజిన్ బిళ్ళ మీద గీత కూడా పడి ఉండదు. అడుగున ప్లైవుడ్ అయితే కావచ్చు. స్ట్రాడివరి కర్రకి మాత్రం మూడొందల ఏళ్ళు పట్టలేదా? మేం తొందరపడటం లేదు. అటకమీద పెట్టాం.

సాధన చేయరేమని గురువుగారు ఒకాయన ఒకసారి నిలదీశారు. ఆయన ఒకే వీణ మీద నలభై ఏళ్ళుగా ఉన్నారు, అందువల్ల విషయం పూర్తిగా తెలియదు. కొన్న వాద్యం రోజూ మన మొహం చూసి "ఏం, ఇవాళ కూర్చోవా?" అని అడుగుతుంది. అప్పుకి వచ్చి అరుగుమీద కూర్చున్న షావుకారులా ఉంటుంది దాని వరస. వేలు నొప్పి పెడుతుంది, తాళం తప్పుతుంది, జంట స్వరాల్లో రెండో కాలం రాదు. కొనబోయే వాద్యానికి ఈ గుణాలేవీ లేవు. అది ఫోన్‌లో ఉంటుంది, నాలుగు కోణాల్లో నవ్వుతుంది. దానిమీద మనం ఇప్పటిదాకా ఒక్క అపస్వరం కూడా వాయించలేదు. రాత్రి పదకొండింటికి దాని డెమో వీడియో చూస్తూ ఉంటే, వాయిస్తున్నది ఎవరో విదేశీయుడైనా, కళ్ళు మూసుకుంటే అవి మన వేళ్ళే. డబ్బు కట్టి, పార్సిల్ విప్పి, మొదటి అపస్వరం వాయించేదాకా మనకి వచ్చినంత బాగా ఆ వాద్యం ఇంకెవరికీ రాదు. ఈ ఆనందం కోసమైనా కార్ట్‌లో ఎప్పుడూ ఒకటి ఉండాలి. గురువుగారు విని, తాంబూలం వేసుకుని వెళ్ళిపోయారు.

తంబురా సంగతి చెప్పడం మరిచాను. తీగల తంబురా, ఎలక్ట్రానిక్ తంబురా, శ్రుతి పెట్టె, ఫోన్‌లో యాప్, ఆ యాప్ చప్పుడు సరిగ్గా వినబడటానికి బ్లూటూత్ స్పీకర్. ఇవన్నీ కలిసి చేసే పని ఒక్కటే, "స ప స" అనడం. దీనిమీద మాకూ వాదన లేదు. కొన్నాం, అంతే.

ఒక్క ఇబ్బంది మాత్రం ఇంకా తీరలేదు, అది చుట్టాలతో. పండక్కి వస్తారు, కాఫీ తాగుతూ గోడలకేసి చూస్తారు. "అబ్బో, ఇన్ని పెట్టావేంట్రా! ఏదీ, ఒకటి వాయించు, విందాం" అంటాడు బాబాయి. అంతే, ఇంట్లో ఒక్కసారిగా టెన్షన్. వీణ మెట్లు జారి ఉన్నాయి. వయొలిన్ విల్లు అటకమీద ఉంది, నిచ్చెన కింది ఫ్లాట్ వాళ్ళు పట్టుకెళ్ళారు. గిటారు తీగలు తుప్పు పట్టాయి, కొత్త సెట్ ఆర్డర్‌లో ఉంది. వేణువు వాయించొచ్చు గానీ పిన్ని పాడతానంది, ఆవిడ శ్రుతి మూడుకీ నాలుగుకీ మధ్యలో ఎక్కడో ఉంది. మద్దెల మూతలు మార్చడానికి ఇచ్చి ఎన్నాళ్ళయిందో ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ గుర్తులేదు. ఉకులేలే ఒక్కటే బాగుంది, అది పాపదట, ఇవ్వదట.

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి, "పోనీలేరా, ఇంకోసారి విందాం" అన్నాడు. ఆ మాటలోని జాలి మాకు నచ్చలేదు. ఇంత ఖర్చు పెట్టి ఇల్లంతా నింపుకున్నాక కూడా చుట్టాలు వచ్చినప్పుడు చటుక్కున తీసి వాయించడానికి ఒక్కటంటే ఒక్కటి లేకపోవడం ఎంత పెద్ద లోటు? ఆ రాత్రే వెతికితే దొరికింది. కలింబా. పదిహేడు లోహపు పలకలు, రెండు బొటనవేళ్ళు చాలు. తీగ లేదు, మైనం లేదు, ఊదే పని లేదు. పలకల మీద ఏ స్వరమో కూడా చెక్కి ఇస్తున్నారు. మహోగనిదీ ఉంది, వెదురుదీ ఉంది. రెండూ ఆర్డర్ పెట్టాం. టోన్ వేరు కదా.