సశేషం తర్వాత రచయిత బల్ల మీద ఏం జరుగుతుంది?

1954 నవంబర్‌లో టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రెండో సంపుటం వచ్చింది. చివరి పేజీకి వచ్చేసరికి కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేతిలో బందీ. చచ్చిపోయాడనుకున్న నేస్తం బతికే ఉన్నాడని సామ్‌కి అప్పుడే తెలిసింది. తెలిసీ లాభం లేదు, తలుపులు మూసుకుపోయాయి, అతను బయట ఉండిపోయాడు. పుస్తకం అక్కడ ఆగింది. మూడో సంపుటం 1955 అక్టోబర్ 20న గానీ చేతికి రాలేదు. నిజానికి కథంతా అప్పటికే రాసేసి ఉంది. ఆలస్యం చేసింది వెనక చేర్చాల్సిన అనుబంధాలు: వంశవృక్షాలు, కాలపట్టికలు, లిపుల వివరాలు. బందీగా ఉన్న ఫ్రోడో కోసం పాఠకులు పదకొండు నెలలు ఎదురుచూశారు.

ఇప్పటి ఫాంటసీ పాఠకులకు పదకొండు నెలలు ఒక లెక్కే కాదు. ఐదేళ్లు, ఆరేళ్లు, పదేళ్లు దాటిన ఎదురుచూపులు ఉన్నాయి. అంతకాలం అందరూ అడిగేది ఒక్కటే: ఎప్పుడు? ఆ ప్రశ్నకు రచయిత దగ్గర కూడా చాలాసార్లు జవాబు ఉండదు. "కథ ఎక్కడ చిక్కుకుంది?" అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది, అదీ మనం ఇప్పటికే చదివిన పుస్తకాల్లోనే. సిరీస్‌లో ఆలస్యాన్ని నిర్ణయించేది రచయిత రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నాడన్నది కాదు, ముందు భాగాల్లో వేసిన ముడులు ఎన్ని, అవి ఎంత బిగుసుకున్నాయి అన్నది.

విడి నవల రాసేవాడికి ఒక సుఖం ఉంది. నలభయ్యో అధ్యాయంలో కథ ఇరుక్కుంటే మూడో అధ్యాయానికి వెనక్కి వెళ్లి, నాయకుడి జేబులో ఒక తాళంచెవి పెట్టి రావచ్చు. సిరీస్‌లో ఆ మూడో అధ్యాయం లక్షలమంది అలమారల్లో అచ్చై కూర్చుని ఉంటుంది. టోల్కీన్‌కి ఒకసారి ఆ వెసులుబాటు దొరికింది. 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాస్తుండగా ఉంగరం స్వభావం మారిపోయిందని, దానికి ముందు కథ అయిన 'ది హాబిట్'లోని పొడుపుకథల అధ్యాయాన్ని తిరగరాసి, 1951లో రెండో కూర్పుగా వేయించారు. ఈ రోజుల్లో ఆ పని చేస్తే పాఠకులు రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చి చూస్తారు.

ముడులు ఎలా బిగుస్తాయో చూడాలంటే జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' సిరీస్‌ను మించిన పాఠం లేదు. మూడు భాగాల్లో ముగిద్దామనుకున్న కథ అది. 1996, 1998, 2000... మొదటి మూడు పుస్తకాలూ రెండేళ్లకొకటి చొప్పున వచ్చాయి. మూడో భాగం తర్వాత కథను ఐదేళ్లు ముందుకు దూకించాలని ఆయన ఆలోచన. పిల్లల పాత్రలు పెద్దవాళ్లవుతాయి, డ్రాగన్‌లు పెరుగుతాయి. కొన్ని పాత్రలకు ఇది చక్కగా అతికింది. కానీ అప్పుడే అధికారం చేతికొచ్చిన వాళ్లు ఐదేళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరు కదా. ఆ మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికి ప్రతి అధ్యాయంలోనూ గతంలోకి వెళ్లాల్సి వచ్చింది. చాలాకాలం పని చేశాక ఆ ప్రణాళికనే వదిలేసి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రాత ఒక్క పుస్తకంలో పట్టనంత పెరిగింది. దాన్ని కాలం ప్రకారం కాకుండా పాత్రలు, ప్రాంతాల ప్రకారం రెండుగా చీల్చి, ఒక సగాన్ని 2005లో నాలుగో భాగంగా ఇచ్చారు. మిగతా సగం మరుసటి ఏడాదే వస్తుందన్న ఆశ ఆ పుస్తకం చివర ఆయనే రాశారు. అది వచ్చింది 2011 జులై 12న.

ఆ ఆరేళ్లనూ మింగినదానికి ఒక పేరే ఉంది: మీరీన్ ముడి. అచ్చంగా పీటముడి. మీరీన్ అనే నగరానికి నాలుగు దిక్కుల నుంచి నలుగురైదుగురు బయలుదేరారు. ఎవరు ముందు చేరాలి, ఎవరు చేరేసరికి ఎవరు వెళ్లిపోయి ఉండాలి, ఏ వార్త ఎవరికి ఎప్పుడు తెలియాలి? ఒకరి రాకను వారం ముందుకు జరిపితే మిగతా అందరి అధ్యాయాలూ తిరగరాయాలి. చివరికి అప్పటిదాకా ఎవరి కళ్లతో కథ చూపలేదో అలాంటి ఒక పాత్ర కళ్లతో అక్కడి సంఘటనలు చెప్పించి ముడి విప్పారు. అయితే విప్పిన ప్రతిసారీ కొత్త దారం ఒకటి మిగులుతుంది. మొదటి భాగంలో, తొలి అధ్యాయాన్ని పక్కన పెడితే, కథను 8 మంది కళ్లతో చూస్తాం. ఐదో భాగంలో, మొదటి, చివరి అధ్యాయాలను పక్కన పెట్టినా, ఆ లెక్క 16. ఆరో భాగం 'ది విండ్స్ ఆఫ్ వింటర్' ఎందుకు రాలేదన్నదానికి ఈ రెండు అంకెలకు మించిన వివరణ అక్కర్లేదు.

రాబర్ట్ జోర్డాన్ 'ది వీల్ ఆఫ్ టైమ్'లో అదే జబ్బు మరోలా బయటపడింది. అక్కడ పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, కథే కదల్లేదు. తొమ్మిదో భాగం చివర ఒక పెద్ద సంఘటన జరుగుతుంది. 2003లో వచ్చిన పదో భాగంలో చాలామేరకు అదే సమయంలో మిగతా పాత్రలు ఎక్కడున్నాయో, ఆ సంఘటనను ఎలా చూశాయో చెప్పారు. రెండేళ్లకు పైగా ఆగిన పాఠకుడికి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పాత్రలన్నిటినీ ఒకే కాలానికి తీసుకురావడం రచయితకు అవసరమే, కాదనలేం. కానీ అది పాఠకుడికి కనిపించకుండా చేయాల్సిన పని.

ప్యాట్రిక్ రోత్‌ఫస్ 'ది కింగ్‌కిల్లర్ క్రానికల్' కథది ఇంకో రకం ఇరుకు. కథానాయకుడు తన జీవితాన్ని మూడు రోజుల్లో చెబుతానంటాడు, రోజుకొక పుస్తకం. 2007లో మొదటి రోజు, 2011లో రెండో రోజు అయిపోయాయి. మొదట్లో వాగ్దానం చేసిన పెద్ద సంఘటనలు చాలావరకు ఇంకా జరగనే లేదు. ఇక మిగిలింది ఒక్క రోజు. మార్టిన్‌లా పుస్తకాన్ని చీల్చుదామన్నా చట్రం ఒప్పుకోదు. అందమైన నిర్మాణమే అడకత్తెర అయింది.

బ్రాండన్ శాండర్సన్ దీనికి పూర్తిగా ఎదురు కొస. 'స్టార్మ్‌లైట్' సిరీస్‌ను పది పుస్తకాలుగా, ఐదేసి పుస్తకాల రెండు భాగాలుగా ముందే గీసుకున్నారు. 2010, 2014, 2017, 2020, 2024... ఐదో పుస్తకంతో మొదటి భాగం ముగిసింది. ఏ రాతప్రతి ఎంత శాతం అయిందో తన వెబ్‌సైట్‌లో పెడతారు. ఆ శాతాన్ని చదవడం తెలియాలి. మొదటి డ్రాఫ్ట్ నూరు శాతం అంటే పుస్తకం సిద్ధమని కాదు. ఆ తర్వాత సొంతంగా ఒక సవరణ, ఎడిటర్ సూచనలకు ఒకటి, ముందుగా చదివి పెట్టే పాఠకుల అభిప్రాయాలకు ఒకటి, చివరగా వాక్యాల స్థాయిలో ఒకటి ఉంటాయి. ముందే ప్రణాళిక వేసుకోవడమే గొప్పదని దీన్నుంచి తీర్పు చెప్పడం తొందరపాటు. మార్టిన్ కథలో మనల్ని కుర్చీలో కూర్చోనివ్వని మలుపులు, పాత్రలు రచయిత చేయి విదిలించుకుని నడవడం వల్ల పుట్టినవే. ఆ స్వేచ్ఛకు ఖరీదు ఈ ఎదురుచూపు.

రాత పూర్తయ్యాక జరిగే పని గురించి పాఠకులకు తెలిసింది తక్కువ. నాలుగు లక్షల పదాల రాతప్రతి ఎడిటర్‌కి చేరాక సూచనలు రావడానికే వారాలు పడుతుంది. సవరణలయ్యాక కాపీ ఎడిటర్ కూర్చుంటారు. సిరీస్‌లో ఆయన పని భాష దిద్దడం ఒక్కటే కాదు. మొదటి భాగంలో ఆడగుర్రం నాలుగో భాగంలో మగగుర్రం అయిందా, మూడో భాగంలో తెగిన వేలు మళ్లీ మొలిచిందా, రెండు ఊళ్ల మధ్య దూరం ఒకచోట పది రోజులై ఇంకోచోట నాలుగు రోజులైందా, ఇవన్నీ పాత పుస్తకాలతో సరిచూడాలి. తర్వాత పేజీల కూర్పు, ప్రూఫులు, మ్యాపులు, కవర్. బైండింగ్‌కీ హద్దుంది. పేజీలు మరీ పెరిగితే వెన్ను విరుగుతుంది కాబట్టి అక్షరం చిన్నదవుతుంది, కాగితం పల్చబడుతుంది. మార్టిన్ మూడో భాగం బ్రిటన్ పేపర్‌బ్యాక్ రెండు పుస్తకాలుగా వచ్చింది ఇందుకే. ఆడియోబుక్‌కి గంటకు తొమ్మిది వేల పదాలు వేసుకున్నా నాలుగు లక్షల పదాలంటే 44 గంటల శ్రవణం. స్టూడియోలో అంతకు రెట్టింపు పడుతుంది. అనువాదకులు రోజుకు రెండు వేల పదాలు చేస్తే 200 పనిదినాలు. మామూలుగా రాతప్రతి ఇచ్చాక పుస్తకం రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. 2011లో మార్టిన్ ఏప్రిల్ చివర్లో రాత ముగించారు, జులైలో పుస్తకం దుకాణాల్లో ఉంది. అంత వేగం చాలా పెద్ద పేర్లకే సాధ్యం.

కాబట్టి కబుర్లను తూకం వేసుకోవచ్చు. "రాస్తున్నాను" అన్న మాటకు తేదీ విలువ లేదు. "ఇన్ని పేజీలయ్యాయి" అన్నది కొంచెం మేలు, కానీ వాటిలో ఎన్ని చెత్తబుట్టకు పోతాయో రచయితకే తెలియదు. ఆన్‌లైన్ దుకాణంలో డిసెంబర్ 31 అని కనిపిస్తే నమ్మకండి. అమ్మకానికి పెట్టాలంటే తేదీ గడి నింపాలి కాబట్టి నింపింది అది. పబ్లిషర్ స్వయంగా తేదీ, కవర్, పేజీల సంఖ్య మూడూ కలిపి ప్రకటించినప్పుడు మాత్రం అలమారలో చోటు చేసుకోవచ్చు.

కోపం గురించి కూడా చెప్పాలి. డబ్బు పెట్టి కొన్నది అచ్చైన పుస్తకాన్నే, రాబోయే దాన్ని కాదు. అయినా మొదటి భాగం మీద "ఒకటో పుస్తకం" అని వేసి అమ్మడంలో ఒక మాట ఇచ్చినట్టే. ఆ మాట కోసం అడిగే హక్కు పాఠకుడికి ఉంది. రచయిత ఆరోగ్యాన్ని, వయసును లెక్కలేయడం మాత్రం హక్కు కాదు, క్రూరత్వం. ఇక "అన్నీ వచ్చాకే కొంటాం" అనే వాళ్ల వాదన వినడానికి తెలివిగానే ఉంటుంది. కానీ కొత్త రచయిత మొదటి భాగం అమ్ముడుపోకపోతే పబ్లిషర్ మూడో భాగం అడగడు. అందరూ ఆగితే ఆగిపోయేది ఆ సిరీసే.

రచయిత మధ్యలోనే వెళ్లిపోతే? జోర్డాన్ 2007 సెప్టెంబర్‌లో కన్నుమూశారు. ఆయన భార్య, ఎడిటర్ కూడా అయిన హ్యారియెట్ మెక్‌డూగల్ ఆ బాధ్యతను శాండర్సన్‌కి అప్పగించారు. జోర్డాన్ వదిలిన నోట్స్, ఆయనే రాసిపెట్టుకున్న చివరి సన్నివేశం ఆధారంగా, ఒక్కటే అనుకున్న ఆఖరి పుస్తకం 2009, 2010, 2013లలో మూడుగా వచ్చింది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన విరాటపర్వం నుంచి అందుకుంటే, మధ్యలో మిగిలిన ఖాళీని ఎర్రన పూరించాడు. నన్నయ శైలిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన వైపు ఒరుగుతూ, అతుకు కనపడకుండా. శాండర్సన్ ఆ పని చేయలేదు. జోర్డాన్ గొంతును అనుకరించబోనని ముందే చెప్పి తన గొంతుతోనే రాశారు. అతుకు కనిపిస్తుంది. అయినా కథ ముగిసింది, అది చిన్న సాయం కాదు.

తేదీ వచ్చాక పాత భాగాలు మళ్లీ చదవడానికి లెక్క కావాలి. మార్టిన్ ఐదు పుస్తకాలూ కలిపి 17 లక్షల పదాలకు పైనే. నిమిషానికి 250 పదాల చొప్పున 113 గంటలు, రోజుకు గంట చదివితే నాలుగు నెలలు. తేదీ ప్రకటించకముందే మొదలుపెడితే పుస్తకం వచ్చేనాటికి మళ్లీ మరిచిపోతాం. అంత తీరిక లేకపోతే చివరి పుస్తకం మొత్తం చదివి, ముందు వాటిలో తెగని దారాలున్న పాత్రల అధ్యాయాలు మాత్రం వరుసగా చూడాలి. ఒకే కాలంలో నడిచే నాలుగు, ఐదు భాగాల అధ్యాయాలను కాలక్రమంలో కలిపి చదివితే, ఒక పుస్తకంలో పుకారుగా విన్నది రెండో పుస్తకంలో నిజంగా ఎలా జరిగిందో తెలుస్తుంది.

రాసుకోవాల్సినవి కొన్నే. ఎవరు ఏ ఊళ్లో ఆగారు, ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఎవరు ఎవరికి మాటిచ్చారు. జోస్యాలను మాత్రం ఉన్నది ఉన్నట్టు, పదం మార్చకుండా ఎక్కించుకోవాలి, మెలిక ఎప్పుడూ ఆ పదంలోనే ఉంటుంది. పేజీ సంఖ్య వేసుకోకండి, కూర్పు మారితే మారిపోతుంది. అధ్యాయం సంఖ్య చాలు. ఊహలను వేరే కాగితం మీద పెట్టండి. ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లకు జరిగే అసలు నష్టం ఇదే: పుస్తకంలో చదివిందేదో, ఎవరో ఊహించిందేదో కలిసిపోతాయి. చివరికి రచయిత ఎప్పుడూ రాయని సన్నివేశం రాలేదని నిరాశపడతారు.

పుస్తకం చేతికొచ్చిన రోజు మ్యాపు చూడండి, కొత్త ఊరి పేరు ఏదైనా చేరిందేమో వెతకండి. విషయసూచిక, వెనక ఉండే పాత్రల పట్టిక మాత్రం తెరవకండి. అధ్యాయాలకు పాత్రల పేర్లే పెట్టే సిరీస్‌లో ఎవరు చివరిదాకా ఉన్నారో ఆ జాబితాయే చెప్పేస్తుంది.