పేరు చైనా, ఊరు స్టాఫర్డ్‌షైర్

పాతకాలం ఇంగ్లిషువాళ్లని ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, వాళ్ల శ్రద్ధకి దండం పెట్టాలి. చైనావాళ్లు వందల ఏళ్లుగా తెల్లమట్టి, రాతిపొడి కలిపి పింగాణీ చేస్తున్నారు కదా, అందులో పెద్ద లోటుందని వీళ్లు కనిపెట్టారు. ఎముకలు వెయ్యట్లేదు! 1790లలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో పింగాణీ చేసే స్పోడ్ కుటుంబం పశువుల ఎముకలు కాల్చి, ఆ బూడిదని దాదాపు సగానికి సగం కలిపి లోటు తీర్చేసింది. అదే బోన్ చైనా. ఆ కప్పుని వెలుతురుకి పట్టి చూస్తే అవతల మన వేళ్ల నీడ కనపడుతుంది, అంత పల్చన. (మా నాయనమ్మ గుడ్డు కూడా గడప దాటనిచ్చేది కాదు, చుట్టాలొస్తే మాత్రం షోకేసులోంచి బోన్ చైనా కప్పులే తీయించేది. బోన్ అంటే ఏంటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.)

ఇక ఇంగ్లిష్ పింగాణీ పాత్రల మీద వేసే బొమ్మ. విల్లో చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పిట్టలు. చైనా సరుకు చూసి ఇంగ్లండ్‌లో అల్లిన డిజైన్ అది. రాగి పలక మీద చెక్కి, పల్చటి కాగితం మీద అచ్చు తీసి, పాత్రకి అద్దేవాళ్లు. అంచు వెంబడి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట కాగితం అతుకు దొరికిపోతుంది, సగం పువ్వు అక్కడే ఆగిపోయి ఉంటుంది.

బొమ్మ వచ్చిన యాభై ఏళ్లకి పైగా గడిచాక, 1849లో, ఒక ఇంగ్లిష్ పత్రిక దానికి ‘ప్రాచీన చైనా గాథ’ తగిలించింది. జమీందారు కూతురు, గుమాస్తా ప్రేమించుకున్నారట, తండ్రి కొరడా పట్టుకుని తరిమాడట, చివరికి ఇద్దరూ చచ్చి పిట్టలయ్యారట. చైనాలో ఎవరూ వినని చైనా గాథ! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చైనా అంటే ఇంత ప్రేమ కదా, మరి అదే చైనా మన బీహార్ వైపు పండించిన నల్లమందు మాకొద్దంటే ఎంత నొచ్చుకుని ఉంటారు పాపం, రెండుసార్లు యుద్ధానికి వెళ్లారు. 1860లో బీజింగ్ దగ్గర చక్రవర్తి వేసవి భవనాన్ని దోచి తగలబెట్టాక అసలు చైనా పింగాణీ కూడా లండన్ వేలంపాటలకి వచ్చేసింది. కళాభిమానం అంటే అదీ.

అంతా సాఫీగా సాగుతుంటే అమెరికావాళ్లే పానకంలో పుడక. 1891 నుంచి తమ దేశానికొచ్చే సరుకు మీద ఏ దేశంలో చేశారో రాసి తీరాలన్నారు. దాంతో పాపం, చైనా చెట్టు, చైనా పిట్టలు, చైనా ప్రేమ ఉన్న ప్లేటుని బోర్లించి, ఎవరూ చూడని చోట, చిన్న అక్షరాల్లో ‘ఇంగ్లండ్’ అని వేసుకోవాల్సి వచ్చింది.