మాత్ర రాశాక అడగాల్సిన మాట

కర్నూలు పెద్దాసుపత్రి ఓపీకి ఆదోని, కోసిగి, మంత్రాలయం నుంచే కాదు, గద్వాల నుంచీ రాయచూరు వైపు నుంచీ రోగులు వస్తారు. తెల్లారక ముందే బస్సెక్కి వచ్చి, లైన్లో గంటల తరబడి నిలబడినా డాక్టరు ఎదుట దక్కేది రెండు మూడు నిమిషాలు. ఇందులో డాక్టరును తప్పుపట్టలేం. ఆయన గది ముందు ఇంకా ఎంతోమంది కాచుకుని ఉంటారు. ఆ కాస్త సమయంలో చెప్పుకోలేకపోయిన మాటలను ఎవరు వినాలి?

ఈ మధ్య నగరంలోని ఒక ఆసుపత్రిలో ఫిజీషియన్ అసిస్టెంటుగా, అంటే డాక్టరు పర్యవేక్షణలో పనిచేసే వైద్య సహాయకుడిగా ఉన్న యువకుడి పక్కన ఒక పూట కూర్చున్నాం. కోసిగి దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. షుగర్ మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి కండ్లు తిరుగుతున్నాయి, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి అంటోంది. చీటీలో మందూ మోతాదూ సరిగానే ఉన్నాయి. అతను ఆమె సంచిలోని మాత్రల అట్టలు తీసి బల్ల మీద పరిచి, ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టాడు. ఒక్క పూట కూడా తప్పలేదు.

"అవ్వా, మాత్ర ఏసుకున్నాక ఎంతసేపటికి తింటావు?"

"యాడ తింటాం నాయనా! ఆరింటికే కూలికి పోవాల. టీ తాగి మాత్ర మింగుతా. పదకొండుకు చేన్లో రొట్టె తింటాం."

కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకున్నాక వెంటనే తిండి పడకపోతే షుగర్ బాగా పడిపోతుంది. ఆ సంగతి తెలిసినా మాత్రను అతను తనంతట తాను మార్చలేదు. లోపలికి వెళ్లి డాక్టరుకు చెప్పాడు. రొట్టె తినే ముందే మాత్ర వేసుకోవాలని డాక్టరు వేళ మార్చారు. అవ్వకు చదువు రాదు కాబట్టి, అట్ట మీద స్కెచ్ పెన్నుతో రొట్టె బొమ్మ గీసి ఆమె చేతికిచ్చాడు.

ఈ ఫిజీషియన్ అసిస్టెంటు వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మొదలైంది. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసిన నలుగురిని డాక్టర్ యూజీన్ స్టెడ్ చేర్చుకున్నారు. వారిలో ముగ్గురు 1967లో పట్టా పుచ్చుకున్నారు. మన దేశానికి దీన్ని 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం.చెరియన్ తెచ్చారు. రోగి వివరాలు రాసుకోవడం, రౌండ్సులో డాక్టరు వెంట ఉండటం, ఆపరేషన్లో సాయపడటం, డిశ్చార్జి రోజున మందులు విడమరచి చెప్పడం వీళ్ల పని. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలోనూ ఈ వృత్తికి చోటు దొరికింది. అయినా ఆ యువకుణ్ణి ఊళ్లో ఇప్పటికీ "కాంపౌండరేనా నువ్వు?" అని అడుగుతారట. ఇన్నేళ్లు చదివి, రాత్రి డ్యూటీలు చేసే మనిషికి అది చిన్న బాధ కాదు.

డాక్టర్ల కొరతకు వీళ్లను అడ్డుపెట్టి చేతులు దులుపుకోవడానికి మాత్రం మేము ఒప్పుకోం. బ్రిటన్‌లో వీళ్లను "అసోసియేట్" అని పిలవడంతో కొందరు రోగులు వీళ్లను డాక్టర్లనే అనుకున్నారు. దాని మీద పెద్ద వివాదమే రేగింది. పేరును "అసిస్టెంట్"గా మార్చాలని 2025లో అక్కడి ప్రభుత్వం కోరగా జరిగిన ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ సమీక్ష సిఫారసు చేసింది. మన దగ్గర ఆ గందరగోళం రాకూడదు. మెడలోని కార్డు మీద హోదా తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఏ పని ఎవరిదో కాగితం మీద తేల్చాలి. మందు నిర్ణయం డాక్టరు సంతకంతోనే జరగాలి.

ఈ కట్టుబాట్లతోనే కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో షుగర్, బీపీ ఓపీలకు వీళ్లను తీసుకోవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. జీతం చదువుకు తగ్గట్టు ఉండాలి. కాంట్రాక్టు పేరుతో ఏళ్ల తరబడి నాన్చకూడదు.

కర్నూలు పడమటి పల్లెల్లో ఏటా పంటలు అయిపోయాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. అక్కడికి పోయాక చాలామంది మందులు ఆపేస్తారు. ఊరు కాని ఊళ్లో చీటీ పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియదు. లేచే ముందు ఆ యువకుడు అవ్వను ఇంకొక్క మాట అడిగాడు: "సుగ్గికి ఎప్పుడు పోతాండారు?" ఆమె నెల చెప్పింది. అతను దాన్ని కేస్ షీట్లో రాసుకున్నాడు, బయలుదేరేలోగా మూడు నెలల మాత్రలు ఇప్పించమని డాక్టరును అడగడానికి.