"మీకెలా తెలుసండీ?" అని అడిగే పెద్దమనుషులకు

పొద్దున సినిమా గ్రూపులో పీఓవీ మీద మాట వచ్చింది. అంటే పాత్ర కళ్ళే కెమెరా కావడం. 'నికెల్ బాయ్స్' (2024) అలా తీసినందుకు అందరూ తెగ మెచ్చుకుంటున్నారు. ఈ పద్ధతిని రోజూ వాడి అరగదీసింది అడల్ట్ సినిమావాళ్ళే కదా అని నేనో ముక్క అన్నాను. అంతే! నవ్వే ఎమోజీలు, వెంటనే "మీకెలా తెలుసండీ?" అని ఒకాయన. అడ్మిన్‌గారు నా మెసేజ్ డిలీట్ చేసి పుణ్యం కట్టుకున్నారు.

మీకు తెలిసినట్టే తెలుసు సార్. ఇన్‌కాగ్నిటో మీ ఫోన్లో ఒక్కదాన్లోనే ఉంటుందా?

1947లోనే హాలీవుడ్‌వాళ్ళు 'లేడీ ఇన్ ద లేక్'ని దాదాపు మొత్తం డిటెక్టివ్ కళ్ళతో నడిపారు. గిమ్మిక్కన్న పేరు దానికి ఇప్పటికీ పోలేదు. అక్కడ అతకనిది ఈ అడల్ట్ సినిమాల్లో అతికింది. ఎందుకంటే ఇక్కడ కెమెరా పట్టుకున్న మగాడికి ముఖం ఉండదు, మాట కూడా అంతంతమాత్రమే. ఆ ఖాళీలో చూసేవాడు దూరిపోవాలి మరి. నటించే ఆవిడేమో ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి లెన్సుని చూసి నవ్వాలి. వీఆర్ (కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుని చూసేది) అయితే ఇంకా ఘోరం. మన కళ్ళ మధ్య ఉండేంత ఎడంలో, సుమారు 6 సెంటీమీటర్ల దూరంలో, రెండు లెన్సులుంటాయి. లైట్ల వేడిలో ఆ గాజుముక్కలతో ప్రేమగా కబుర్లు చెప్పాలి. అది నటన కాదట!

చూసేవాడు తననే చూసిందనుకుంటాడు. సరే, అలా అనుకోవాలనే తీశారు. కానీ చూడటం అయ్యాక కింద కామెంట్లలో ఆవిడని బూతులు తిట్టేదీ వాడే. ఆ ముఖం లేని మగాడిని ఒక్కడంటే ఒక్కడు ఏమీ అనడు. అనడులెండి, ఆ కుర్చీలో కూర్చున్నది తనే కదా.

ఇదే అడ్మిన్‌గారు ఆమధ్య సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో రాసిన 'మేల్ గేజ్' (సినిమా ఆడవాళ్ళని మగాడి కళ్ళతో చూపిస్తుందనడం) వ్యాసం మీద మాకు క్లాసు పీకారు. దానికి నేను రెండు పేరాలు రాస్తే, "మేడమ్ చెప్పదలుచుకున్నది ఏమిటంటే" అంటూ ఒకాయన నా మాటలే తిప్పి రాశాడు. చప్పట్లన్నీ ఆయనకే. నాకు మాత్రం "బాగా చదివారండీ" అని ఓ సర్టిఫికెట్. అడల్ట్ సినిమాల్లో నటిగా పనిచేసిన కాండిడా రాయల్ 1984లో సొంత కంపెనీ పెట్టి, ఆడవాళ్ళ కోసం ఈ సినిమాలు తీసింది. ఆవిడ ఈ గ్రూపులో ఉండుంటే, ఆవిడ సినిమాల గురించి ఆవిడకే వివరించేవాళ్ళు.

ఆ "మేడమ్ చెప్పదలుచుకున్నది" ఆయన ఈ పోస్టు కిందకి కూడా ఎలాగూ వస్తాడు. రండి సార్, నేనేం అన్నానో కాస్త నాకు చెప్పండి.