బావ లోపలి మనిషి

మా అక్క మొగుడు, అంటే మా బావ, నీటిపారుదల శాఖలో ఇంజనీరు. కోట్ల రూపాయల ఎస్టిమేట్లు అలవోకగా వేస్తాడు, ఆయన ముందు కాంట్రాక్టర్లు కూర్చోడానికి కూడా జంకుతారు. అలాంటి మనిషికి ఏటీఎం ముందు నిలబడితే పిన్ను గుర్తురాదు. రాకపోతే పోయె, తనని తాను తిట్టుకుంటాడు. అదీ పైకి.

మొన్న దసరా ముందు అదే జరిగింది. పక్కపక్కనే రెండు మెషీన్లున్న గది. రెండోదాని దగ్గర ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, జేబులోంచి తీసిన మడతల చీటీలో ఏదో వెతుక్కుంటున్నాడు. బావ రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోదీ తప్పితే కార్డు బ్లాకే. ఆ టెన్షన్‌లో నోట్లోంచి వచ్చేసింది: "అడ్డగాడిదా! నాలుగంకెలు నిలవవురా నీ బుర్రలో? తిండి దండగ!"

పెద్దాయన గిరుక్కున తిరిగాడు. "ఎవడ్రా దండగ? నా పెన్షన్ నేను తింటున్నాను!" పాపం, ఆయనా పిన్నే మర్చిపోయాడు. మిమ్మల్ని కాదండీ, నన్ను నేనే అనుకుంటున్నానంటే నమ్మితే కదా! వాచ్‌మన్ వచ్చి సర్దిచెప్పేలోపు, ఆ కంగారులో బావ వేలు ఎక్కడ పడిందో ఏమో, కార్డు కాస్తా బ్లాకైంది.

నిజానికి ఆ తిట్టు బావది కాదు, మా అక్క మామగారిది, యాసతో సహా. ఆయన పోయి చాన్నాళ్ళయింది కానీ తిట్టడం మానలేదు. పిల్లలు ఆడుకుంటూ తమతో తామే పైకి మాట్లాడుకుంటారనీ, పని కష్టమైతే ఆ మాటలు ఇంకా ఎక్కువవుతాయనీ, పెరిగేకొద్దీ అవే లోపలికి వెళ్ళిపోతాయనీ 1934లో పోయిన రష్యన్ మనస్తత్వవేత్త వైగోత్స్కీ ఎప్పుడో చెప్పాడు. బాగానే ఉంది, మన ఇళ్ళలో లోపలికి వెళ్ళే మాటల్లో మెచ్చుకోళ్ళెన్ని?

సైకాలజీ చదువుతున్న మేనకోడలు ఒక చిట్కా చెప్పింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని ఈథన్ క్రాస్, ఆయనతో పనిచేసేవాళ్ళు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, "నేను" అనకుండా తమని తాము పేరు పెట్టి పిలుచుకున్నవాళ్ళకి కంగారు తగ్గిందట. "పేరు పెట్టి పిలుచుకో నాన్నా!"

ఇక్కడే వచ్చింది చిక్కు. బావకి పెట్టింది వాళ్ళ తాతగారి పేరు. మామగారి పేరు కాబట్టి వాళ్ళమ్మ ఏనాడూ నోట పలకలేదు, "చిన్నోడా" అనేది. కన్నతండ్రి పేరు పెట్టి తిట్టలేక వాళ్ళ నాన్న "అడ్డగాడిదా" అన్నాడు. ఆ పేరు రేషన్ కార్డులోనూ సర్టిఫికెట్లలోనూ భద్రంగా ఉండిపోయింది. మొదటిరోజు తనని తాను ఆ పేరుతో పిలుచుకోగానే తాతగారిని ఏకవచనంలో పిలిచినట్టనిపించి, లెంపలేసుకుని, చివర "గారు" తగిలించాడు.

అంతే, మనిషి మారిపోయాడు. లోపల ఎవరో "నిదానించండి, మీకు వచ్చేస్తుంది" అంటుంటే ఎవరికైనా నడక మారదూ! ఇంట్లో చొక్కా లేకుండా తిరగడం మానేశాడు. "ఈ పూట కాఫీ కొంచెం ఆలస్యమైనట్టుంది" అని నిదానంగా సెలవిస్తున్నాడు. "ఆ గాడిదే నయం" అంటోంది అక్క.

వారం తిరక్కుండానే డబ్బు అవసరపడింది. పిన్ను ఎలాగూ రాదు కాబట్టి పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకే వెళ్ళాడు. విత్‌డ్రాయల్ ఫారం తీసుకున్న కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే పేరడిగింది. బావ గొంతు సవరించుకుని, గారుతో సహా చెప్పాడు.

"ఆయనే రావాలండీ, మీకివ్వడం కుదరదు" అందా అమ్మాయి.